మా అర్జీ ‘పరిష్కరించబడినది’

పోయిన ఏడాది జూలైలో మా తాతయ్య ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత చెప్పులేసుకుని రోడ్డు దాకా నడిచి వెళ్లి చూసొచ్చాడు. అక్కడ కొత్తగా ఏమీ లేదు. బోర్డు లేదు, స్పీడ్ బ్రేకర్ లేదు, ఎవరో వచ్చి కొలిచినట్టు ఒక సున్నం గీత కూడా లేదు. ఇంటికొచ్చి నన్ను పిలిచాడు. ‘‘అమ్మాయ్, పరిష్కరించారంట. ఎక్కడో కనుక్కో.’’

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ తర్వాత మూడు నెలల్లో జరిగింది నవ్వే విషయం కాదు. అందుకే ఈసారి మన మ్యాగజైన్‌కి కవిత పంపకుండా ఇది రాస్తున్నా.

ముందు చోటు చెప్తా. మాది గంపలగూడెం మండలంలో ఒక చిన్న పల్లె. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. అటు వైపు తెలంగాణ బోర్డర్. ఊళ్లోంచి వచ్చే సిమెంటు రోడ్డు వెళ్లి తారు రోడ్డులో కలిసే చోటుని మేం ‘మలుపు’ అంటాం. పొద్దున్నే పిల్లలు స్కూలు ఆటో కోసం అక్కడే నిలబడతారు. పాల క్యాన్ల బండ్లు అక్కడే ఆగుతాయి. మిరప కోతలప్పుడు కూలీల ఆటోలు, పత్తి టైంలో లారీలు, ఎండాకాలం వస్తే నున్న మార్కెట్‌కి మామిడికాయలు తీసుకెళ్లే వ్యాన్లు, మధిర వైపు వెళ్లొచ్చే బైకులు, అన్నీ ఆ రోడ్డు మీదే. మూల మీద కంప చెట్లు గుబురుగా పెరిగి ఉంటాయి. ఊళ్లోంచి వచ్చేవాడికి తారు రోడ్డు మీద వచ్చే బండి కనపడదు, ఆ బండి వాడికి వీడు కనపడడు.

మూడేళ్ల క్రితం అక్కడ ఏడో తరగతి అబ్బాయి సైకిల్ మీద రోడ్డెక్కుతుంటే ఒక వ్యాన్ గుద్దింది. కాలు విరిగింది. కేసు పెట్టలేదు. పెద్దమనుషులు కూర్చుని ఆసుపత్రి ఖర్చులు ఇప్పించారు. ఇప్పుడు నడుస్తాడు, కొంచెం కుంటుతాడు. ఈ ‘కేసు పెట్టలేదు’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దాని దగ్గరికి.

ఫస్టియర్ అయిపోయి వేసవి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతయ్య నాతో అర్జీ రాయించాడు. చిన్నప్పట్నుంచి నాది ఇంగ్లీష్ మీడియం. లీవ్ లెటర్ ఇంగ్లీషులో నిద్రలో కూడా రాస్తాను గానీ, తెలుగులో అర్జీ ఎలా మొదలుపెట్టాలో తెలీదు. ‘‘వ్రాయునది ఏమనగా, అని రాయి’’ అన్నాడు తాతయ్య. నేను ‘రాయునది’ అని రాస్తే ‘వ’ కింద ‘ర’ వత్తు పెట్టించాడు. మా మలుపు దగ్గర తారు రోడ్డు మీద అటూ ఇటూ రెండు స్పీడ్ బ్రేకర్లు, ఎర్ర రంగు స్టాప్ బోర్డు కావాలని అడిగాం. స్టాప్ బోర్డు ఐడియా నాదే. ఊళ్లో 63 మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. ఒక సోమవారం వెళ్లి ఇచ్చాం.

ఏ ఆఫీసులో ఇచ్చామో రాయను. ఒక ఆఫీసుని తిట్టడానికి రాస్తున్న వ్యాసం కాదు ఇది. అక్కడ కూర్చున్నాయన మర్యాదగానే మాట్లాడారు, మంచినీళ్లు కూడా ఇప్పించారు. ఆయన ముందు అర్జీల కట్ట నా చేతి జానెడు ఎత్తుంది. తర్వాత మా కాయితం ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లింది. ఊళ్లో సిమెంటు రోడ్డు పంచాయతీది. తారు రోడ్డు పంచాయతీది కాదు. పల్లెల మధ్య రోడ్లు కొన్ని పంచాయతీరాజ్ ఇంజినీర్లవి, కొన్ని ఆర్ అండ్ బీ వాళ్లవి. తిరువూరు మీదుగా భద్రాచలం వైపు వెళ్లే 30వ నంబర్ జాతీయ రహదారి అయితే కేంద్రానిది. మనకి అన్నీ రోడ్లే, కాయితం మీద మాత్రం ఒక్కో ముక్కకీ ఒక్కో యజమాని. చివరికి ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అని రాసి మా అర్జీని మూసేశారు. మూసేసినదాన్ని కంప్యూటర్ ‘పరిష్కరించబడినది’ అంటుంది. తాతయ్య ఫోన్‌కి వచ్చింది ఆ మెసేజే.

మన సీఎస్‌ఈ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. టికెట్ క్లోజ్ అయింది, బగ్ అలాగే ఉంది.

దసరా సెలవుల్లో మళ్లీ ఇంటికెళ్లా. అప్పటికి ఊళ్లో కుర్రాళ్లకి ఓపిక అయిపోయింది. పెదనాన్న వాళ్ల ఇంటి స్లాబ్ పోయగా మిగిలిన సిమెంటు, కంకర ఉన్నాయి. ఒక రాత్రి మా అన్నయ్య, ఇంకో ఐదుగురు కలిసి తారు రోడ్డుకి అడ్డంగా ఒక కట్ట పోసేశారు. పొద్దున్నే లారీలన్నీ దాని ముందు కీచుమంటూ ఆగుతుంటే ఊరంతా వచ్చి చూసింది. నాకైతే ఎంత సంతోషమేసిందో. ఫోటో తీసి ‘మా సమస్య మేమే పరిష్కరించుకున్నాం’ అని స్టేటస్ పెట్టా. మన క్లాసులో చాలామంది లైక్ కొట్టారు కూడా.

నేను హాస్టల్‌కి వచ్చేసిన వారానికి అన్నయ్య ఫోన్ చేశాడు. రాత్రి ఎనిమిదింటికి పక్క ఊరి వాళ్లు, మొగుడూ పెళ్లాం, బైక్ మీద వస్తూ ఆ కట్ట ఎక్కి పడిపోయారు. కట్టకి రంగు లేదు, ముందు బోర్డు లేదు, అక్కడ లైటు లేదు. వాళ్లు ఈ ఊరి వాళ్లు కాదు కాబట్టి అక్కడ కట్ట ఉందనే తెలీదు. పత్తి తీసి ఇంటికెళ్తున్న ఆవిడకి తలకి కుట్లు పడ్డాయి, భుజం ఎముక విరిగింది. అన్నయ్య ఫోన్‌లో ఏడ్చాడు. తెల్లారేసరికి వాళ్లే గునపాలతో కట్ట పగలగొట్టేశారు. నేను స్టేటస్ ఎప్పుడో పోయింది కదా అనుకున్నా. కానీ ఆ ఫోటో నా ఫోన్‌లో ఉంది. ఇప్పటికీ తీసేయలేదు.

ఈసారి కూడా కేసు లేదు. మళ్లీ పెద్దమనుషులే. డబ్బులు మా పెదనాన్న ఇచ్చాడు.

ఆ రాత్రి కూర్చుని, అసలు స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో చదివా. ముందే చదవాల్సింది. మన దేశంలో రోడ్ల కొలతలకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ప్రమాణాలు రాస్తుంది. స్పీడ్ బ్రేకర్ల మీద 1988లో ఐఆర్‌సీ 99 అనే పుస్తకం తెచ్చారు, 2018లో దాన్ని పెంచి కొత్తగా రాశారు. పాత పుస్తకం ప్రకారం బండ్లు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటాలంటే హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. అంటే పన్నెండు అడుగుల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు. బైకు ఎక్కి దిగినట్టే తెలియాలి, కొట్టినట్టు ఉండకూడదు. మీద రంగు పట్టీలు వెయ్యాలి, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు పెట్టాలి. అన్నయ్య వాళ్లు పోసింది అడుగు వెడల్పు, అర అడుగు ఎత్తు. అది స్పీడ్ బ్రేకర్ కాదు, గోడ.

కానీ నన్ను బాగా తాకిన విషయం ఇంకొకటి. ఆ 1988 పుస్తకం పేరులోనే అది చిన్న రోడ్ల కోసం అని ఉంటుంది. చిన్న రోడ్డు వచ్చి వేగంగా బండ్లు వెళ్లే పెద్ద రోడ్డులో ‘టీ’ ఆకారంలో కలిసే చోట, పక్కలు సరిగా కనపడకపోతే, హంప్ చిన్న రోడ్డు మీద వెయ్యమంటుంది. పెద్ద రోడ్డు మీద కాదు. స్టాప్ బోర్డు సంగతీ అంతే. ఎనిమిది మూలల ఎర్ర బోర్డు పెద్ద రోడ్డు మీద వెళ్లేవాణ్ణి ఆపడానికి కాదు, దాంట్లోకి ఎక్కబోయేవాణ్ణి ఆపడానికి. ‘ముందు నువ్వు ఆగు, రెండు వైపులా చూడు, అప్పుడు ఎక్కు’ అని. పక్క రోడ్డు నుంచి వచ్చేవాడు పెద్ద రోడ్డు మీది బండికి దారి ఇవ్వాలని మనం ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష కోసం బట్టీ పట్టిందే.

అంటే మేం అడిగిందే తప్పు. ఆగాల్సింది లారీలని అనుకున్నాం. పుస్తకం ప్రకారం ఆగాల్సింది మేము. మా సిమెంటు రోడ్డు చివర ఒక సరైన హంప్, ఒక స్టాప్ బోర్డు, మూల మీద కంప చెట్లు కొట్టేయడం, తారు రోడ్డు మీద ‘ముందు జంక్షన్ ఉంది’ అని హెచ్చరిక బోర్డు. మొదటి మూడూ మా పంచాయతీ చేతిలో పనే, ఎందుకంటే ఆ సిమెంటు రోడ్డు పంచాయతీదే. మేం జిల్లా దాకా ఎదురుచూసిన దాంట్లో సగం పైన మా ఇంటి ముందే ఉంది.

మరి ఈ సంగతి మాకు ఎవరు చెప్పాలి? నా బాధ ఇక్కడే. మా అర్జీ చూసిన ఇంజినీరు గారికి ఇది తెలిసే ఉంటుంది, వాళ్లు చదువుకున్నదే అది. ‘మీరు అడిగినచోట హంప్ వెయ్యకూడదు, కారణం ఇది. మీ పంచాయతీ రోడ్డు మీద వేసుకోండి, కొలతలు ఇవి’ అని నాలుగు వాక్యాలు రాసుంటే చాలు. తాతయ్య కొంచెం తిట్టుకునేవాడు, తర్వాత సర్పంచ్ గారి దగ్గరికి వెళ్లేవాడు. అన్నయ్య సిమెంటు కలిపేవాడు కాదు. పక్క ఊరి ఆవిడ ఆ రాత్రి మామూలుగా ఇంటికెళ్లి అన్నం వండుకునేది.

మాకు ‘కాదు’ అని చెప్పలేదు. ‘అయిపోయింది’ అని చెప్పారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. కారణం చెప్పే ‘కాదు’, అబద్ధపు ‘అయింది’ కన్నా వెయ్యి రెట్లు మేలు.

గిట్‌హబ్ వాడేవాళ్లకి ‘వోంట్‌ఫిక్స్’ లేబుల్ తెలుసు. ‘మీరు చెప్పింది చూశాం, మేం మార్చం’ అని దాని అర్థం. మొదటిసారి నా ఇష్యూకి ఆ లేబుల్ పడినప్పుడు కోపం వచ్చింది. కానీ కింద రెండు లైన్ల కారణం ఉంది. అది చదివి వేరే దారి వెతుక్కున్నా. ఇప్పుడు గిట్‌హబ్‌లో ఇష్యూ మూసేటప్పుడు పని పూర్తయి మూస్తున్నారా, చెయ్యదలచుకోక మూస్తున్నారా అని విడిగా ఎంచుకోవచ్చు. ఉచితంగా పనిచేసే ప్రోగ్రామర్లకి ఉన్న ఈ చిన్న మర్యాద ఊరి అర్జీకి ఎందుకు లేదు?

డల్లాస్ దగ్గర ఉండే మా పెద్దమ్మ కూతురికి ఈ కథంతా చెప్తే, ‘‘మాకూ అదే జరిగిందే’’ అంది. వాళ్ల వీధి చివర చౌరస్తాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులు కావాలని ఇరుగు పొరుగు కలిసి వాళ్ల సిటీకి రాశారు. పిల్లలు పార్కుకి అక్కడే దాటుతారు. సిటీ వాళ్లు వచ్చి రోడ్డుకి అడ్డంగా రబ్బరు గొట్టాలు పరిచి బండ్లు లెక్కపెట్టారు. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. ‘కాదు’ అని. అక్కకి చాలా కోపం వచ్చిందంట. కానీ ఆ ఉత్తరంలో ఏ తారీఖున లెక్కపెట్టారో, ఎన్ని బండ్లో, ఎంత వేగమో, ఏ రూల్ ప్రకారం కుదరదో రాసుంది. సంతకం చేసిన ఇంజినీరు ఫోన్ నంబరు కూడా.

ఆ రూల్ ఎక్కడిదంటే, అమెరికాలో రోడ్డు బోర్డులకి, సిగ్నళ్లకి దేశం మొత్తానికీ ఒక మాన్యువల్ ఉంది. మొదటిసారి 1935లో వచ్చింది, అప్పట్నుంచి మారుస్తూ వస్తున్నారు. 2009 ఎడిషన్ ప్రకారం ఒక చౌరస్తాలో అన్ని వైపులా స్టాప్ పెట్టడానికి చూసే లెక్కలు ఇలా ఉంటాయి. 12 నెలల్లో అలాంటి బోర్డు ఉంటే తప్పేవి అనిపించే ప్రమాదాలు 5 అయినా రికార్డయి ఉండాలి. లేదంటే రోజులో ఏదైనా 8 గంటలపాటు పెద్ద రోడ్డు మీద గంటకు సగటున 300 బండ్లు, చిన్న రోడ్డు వైపు నుంచి బండ్లు, నడిచేవాళ్లు, సైకిళ్లు కలిపి 200 ఉండాలి. వేగం తగ్గించడం కోసం స్టాప్ బోర్డు వాడకూడదని కూడా అందులో స్పష్టంగా ఉంది. అవసరం లేనిచోట పెట్టిన బోర్డుని జనం పట్టించుకోవడం మానేస్తారు, అప్పుడు అవసరమైన చోట కూడా ఆగరు.

అమెరికా గొప్ప, మనం తక్కువ అని చెప్పడానికి ఇది రాయట్లేదు. అక్క అడిగిన ప్రశ్న నిజం: ‘‘ఐదుసార్లు గుద్దుకునేదాకా కూర్చుని లెక్కపెట్టాలా?’’ ఆ మాన్యువల్ కూడా నడిచేవాళ్లు ఎక్కువ ఉన్నచోట ఇంజినీరు వేరేగా ఆలోచించొచ్చని ఒక కిటికీ తెరిచి ఉంచింది. తేడా ఏంటంటే, అక్క చేతిలో గొడవ పెట్టుకోవడానికి ఒక ఉత్తరం ఉంది. ‘మీరు వేసవి సెలవుల్లో లెక్కపెట్టారు, స్కూళ్లు తెరిచాక మళ్లీ లెక్కపెట్టండి’ అని వాళ్లు తిరిగి రాశారు. మా తాతయ్య దేని మీద తిరిగి రాయాలి? ‘పరిష్కరించబడినది’ అన్న మాటతో వాదన ఎలా పెట్టుకుంటాం?

ఇప్పుడు ‘కేసు పెట్టలేదు’ దగ్గరికి వస్తా. మన దగ్గర కూడా లెక్కలున్నాయి. జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలు గానీ తీవ్ర గాయాలు గానీ అయిన ప్రమాదాలు 5 జరిగితే, లేదా 10 మంది చనిపోతే దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ కలిసి తయారుచేసిన ప్రమాదాల డేటాబేస్‌లో పోలీసులు ఫోన్ యాప్ నుంచే ప్రతి ప్రమాదం చోటునీ ఎక్కిస్తున్నారు. మంచి వ్యవస్థ. కానీ దాంట్లోకి ఎక్కాలంటే ముందు పోలీసుల దాకా వెళ్లాలి. మా మలుపు దగ్గర ఒక పిల్లాడి కాలు, ఒకావిడ భుజం విరిగాయి. డేటాబేస్‌లో మా మలుపు స్కోరు సున్నా. పెద్దమనుషుల పంచాయితీ కోర్టు ఖర్చు తప్పిస్తుంది, నిజమే. దాంతోపాటు ఆ చోటుని మ్యాప్ మీద నుంచి కూడా తప్పిస్తుంది. ఈ తప్పు ప్రభుత్వానిది కాదు, మాది.

ఇది చిన్న విషయం అనిపిస్తే ఒక లెక్క చూడండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 66,441 మంది జాతీయ రహదారుల మీదా కాదు, రాష్ట్ర రహదారుల మీదా కాదు. మిగతా రోడ్ల మీద. మా మలుపు లాంటి రోడ్లు కూడా ఆ ‘మిగతా’లోనే వస్తాయి.

మన దగ్గర అర్జీకి సోమవారం ఉంది, అది మంచి సంప్రదాయమే. తాతయ్య ఇప్పటికీ దాన్ని ‘ప్రజావాణి’ అంటాడు. తర్వాత ‘మీ కోసం’ వచ్చింది, 2019లో ‘స్పందన’, 2023లో ‘జగనన్నకు చెబుదాం’, 2024 నుంచి ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’. ‘‘పేరు మారింది గానీ సోమవారం మారలేదు’’ అంటాడు తాతయ్య. ఏ పార్టీ వచ్చినా సోమవారం ఉంచారంటే దాని అవసరం అందరికీ తెలుసన్నమాట. కావలసింది ఇంకో కొత్త పేరు కాదు. మూసేసే ప్రతి అర్జీ కింద మూడు గడులు. ఎవరు ఎప్పుడు వచ్చి చూశారు? ఏం నిర్ణయించారు, ఏ కారణంతో? ఇది మీ శాఖది కాకపోతే ఎవరిది, వాళ్లకి కొత్త నంబరుతో వెళ్లిందా? ఆ గడులు ఖాళీగా ఉంటే అర్జీ మూసుకోకూడదు. ఫారంలో ఒక ఫీల్డ్‌ని తప్పనిసరి చెయ్యడం ఎంత పనో మనకి తెలుసు.

ఇది నా కోరిక మాత్రమే కాదు, చట్టం కూడా. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4(1)(డి) అని ఉంది. తమ పరిపాలనా నిర్ణయాలకి కారణాలు ఏంటో, ఆ నిర్ణయం వల్ల ప్రభావితమయ్యే వాళ్లకి ప్రతి ప్రభుత్వ కార్యాలయం చెప్పాలని దాని సారాంశం. అడక్కపోయినా చెప్పాలి. చెప్పకపోతే అదే చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘స్పీడ్ బ్రేకర్ వెయ్యండి’ అని ఆర్టీఐలో అడిగితే కుదరదు. ‘మా అర్జీ మీద ఎవరు తనిఖీ చేశారు, ఆ రిపోర్టు కాపీ ఇవ్వండి’ అని అడగాలి.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. మా బాబాయి ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాడు. ఈ వ్యాసం డ్రాఫ్ట్ చదివి, ‘‘రోజుకి ఎన్ని అర్జీలొస్తాయో తెలుసా? ప్రతిదానికీ కారణం రాస్తూ కూర్చుంటే పని ఎవడు చేస్తాడు? పైగా కాదు అని రాతపూర్వకంగా ఇస్తే రేపు అక్కడ ఏదైనా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది’’ అన్నాడు. మొదటి మాట నిజం, మనుషులు తక్కువ. కానీ రోడ్ల అర్జీలు చాలావరకు ఒకే రకం. హంప్ కావాలి, బోర్డు కావాలి, లైటు కావాలి. కారణాలు కూడా పదికి మించవు. ఒకసారి సరైన తెలుగులో, తాతయ్యకి అర్థమయ్యేలా రాసి పెట్టుకుంటే మిగతాది చోటు వివరాలు నింపడమే. రెండో మాటకి మాత్రం నా దగ్గర మెత్తని జవాబు లేదు బాబాయ్. కారణం రాయాలంటే భయమేసే నిర్ణయం, బహుశా చోటు చూడకుండా తీసుకున్న నిర్ణయం. చూసి, కొలిచి, పుస్తకం ప్రకారం రాసినవాడికి ఆ కాయితమే రక్షణ.

మనం చెయ్యగలిగింది కూడా ఉంది. ‘బండ్లు చాలా స్పీడుగా వస్తున్నాయి’ అని రాస్తే అది ఫిర్యాదు. కొలిచి రాస్తే అది సమాచారం. రోడ్డు పక్కన టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టుకోండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తియ్యండి. బండి ఆ దూరాన్ని 3 సెకన్లలో దాటితే గంటకు 60 కిలోమీటర్లు. అంత వేగంలో డ్రైవర్ చూసి, బ్రేక్ మీద కాలు వెయ్యాలి అనుకునే ఒక్క సెకనులోనే బండి దాదాపు 17 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. మా మూల మీద కంప చెట్ల వల్ల కనపడే దూరం ఎంతో నేను అడుగులేసి చూశా. అంతకంటే తక్కువ. ఆ ఒక్క వాక్యం మా మొదటి అర్జీలో లేదు. ప్రమాదం జరిగితే, రాజీ పడినా సరే, పోలీసులకి చెప్పండి. అధికారుల మాట తేలకపోతే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంది. ప్రతి జిల్లాలో అది ఉండాలని 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కలెక్టర్ గారే దానికి పెద్ద.

సంక్రాంతి సెలవుల్లో మేం రెండో అర్జీ రాశాం. ఈసారి పంచాయతీకి. మా సిమెంటు రోడ్డు చివర 3.7 మీటర్ల హంప్, రంగు పట్టీలు, ఒక స్టాప్ బోర్డు. తారు రోడ్డు మీద హెచ్చరిక బోర్డు కోసం ఆ రోడ్డు వాళ్లకి ఇంకోటి. కొలతలు అన్నయ్య చేతే రాయించా, గీత గీసి బొమ్మ కూడా వేశాడు. కంప చెట్ల కోసం అర్జీ ఆగలేదు. భోగి ముందు రోజు ఊళ్లోవాళ్లే గొడ్డళ్లు తీసుకెళ్లి కొట్టి, ఎండినవి భోగి మంటలో వేశారు. ఇప్పుడు మలుపు దగ్గర నిలబడితే రోడ్డు రెండు వైపులా కనపడుతోంది.

హంప్ ఇంకా పడలేదు. నిధులు చూడాలన్నారు సర్పంచ్ గారు. కనీసం అది కారణం, అది మాకు అర్థమవుతుంది. అడుగుతూనే ఉంటాం.

రెండో అర్జీ కూడా ‘వ్రాయునది ఏమనగా’ అనే మొదలైంది. ఈసారి వత్తు నేనే సరిగ్గా పెట్టా. అంతా అయ్యాక తాతయ్య, ‘‘కింద ఇంకో మాట రాయమ్మా’’ అని చివరి లైన్ చెప్పాడు. రోడ్డు కోసం, కరెంటు కోసం, నీళ్ల కోసం, మీ ఊళ్లో దేనికోసం అర్జీ పెట్టినా ఆ లైన్ కలుపుకోండి:

‘ఒకవేళ మా కోరిక తీర్చుటకు వీలుకానిచో, ఎందుకు వీలుకాదో రెండు ముక్కలు వ్రాసి పంపవలసినదిగా మనవి.’